న్యాయవాది నుంచి సభాపతి వరకు: జి.ఎం.సి. బాలయోగి

లోక్‌సభ స్పీకర్ సాధారణంగా ఏదో ఒక పార్టీ తరఫున గెలిచి వచ్చినవారే అయి ఉంటారు. అలాంటి వ్యక్తి సభలో నిష్పక్షపాతంగా ఎలా వ్యవహరించగలరు? స్పీకర్ పదవిని గురించి చదివేటప్పుడు మీకు ఈ సందేహం కలగడం సహజం. కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి జీవితం ద్వారా దీనిని పరిశీలిద్దాం.

తొలి జీవితం: గంటి మోహనచంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1న గౌతమి ఒడ్డున ఉన్న ఎదుర్లంకలో ఒక దళిత వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్రం చదివి, 1980లో కాకినాడలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికైనా, ఆ ఉద్యోగం వదులుకుని తిరిగి వృత్తిలోకి వచ్చారు.

రాజకీయ జీవితం: 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో తెలుగుదేశం అభ్యర్థిగా అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో అక్కడ ఓడిపోయినా, అదే ఏడాది ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ అమలాపురం నుంచి గెలిచి, మార్చి 24న స్పీకర్‌గా ఎన్నికయ్యారు. ఆ పదవిని చేపట్టిన తొలి దళితుడు ఆయనే.

1999 ఏప్రిల్ 17: వాజ్‌పేయి ప్రభుత్వం ఆ రోజు సభ విశ్వాసం కోరింది. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అంతకు రెండు నెలల ముందే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. కాని లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న వివాదం తలెత్తింది. శాసనసభ్యుడు కాకపోయినా ఆరు నెలల వరకు మంత్రి పదవిలో ఉండడానికి 164వ ప్రకరణ అవకాశమిస్తుంది. గమాంగ్ అప్పటికి శాసనసభకు ఎన్నిక కాలేదు. బాలయోగి ఆయనను అడ్డుకోలేదు. నిర్ణయాన్ని ఆయన విచక్షణకే వదిలారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వం 269-270 తేడాతో ఓడిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 100వ ప్రకరణ ప్రకారం స్పీకర్ మొదట ఓటు వేయరు. ఇరువైపులా ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు. గమాంగ్ ఓటు లేకపోతే లెక్క 269-269 అయ్యేది. అప్పుడు ప్రభుత్వం నిలవడం, పడిపోవడం బాలయోగి చేతిలోనే ఉండేది. ఆయన పార్టీ ఆ ప్రభుత్వానికి మద్దతు ఇస్తోంది. అయినా ఒక సభ్యుని ఓటు హక్కును ఆయన తొలగించలేదు. నిష్పక్షపాతం అంటే పార్టీ అనుబంధం లేకపోవడం కాదు. తీర్పు చెప్పే వేళ దానిని పక్కన పెట్టగలగడం.

1999 అక్టోబరు 22న ఆయన రెండోసారి స్పీకర్ అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఎదుర్లంక నుంచి గౌతమి దాటి యానాం చేరడానికి ఒకప్పుడు పంటే ఆధారం. నేడు అక్కడున్న వంతెనకు ఆయన పేరే పెట్టారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: నిర్ణాయక ఓటు అంటే ఏమిటి? గమాంగ్ ఓటు వివాదంలో మీరే స్పీకర్ అయితే ఏ నిర్ణయం తీసుకునేవారు? కారణాలతో రాయండి.