ఎగ్జిమాకి 60 దాటదు.. మరి ఉద్యోగమే పోతే?

అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకాయనకి ఎగ్జిమా ఉందనుకోండి. చేతులు పగిలి రసి కారుతుంటాయి. గ్లౌజులు వేసుకుంటే మంట, తీసేస్తే దురద. హోటల్ కిచెన్‌లో పని పోయింది. గోడౌన్‌లోనూ నిలవలేకపోయాడు. ‘దురదకే ఉద్యోగం మానేస్తారా?’ అంటారు చూసేవాళ్లు. మరి ప్రభుత్వం ఏమంటుంది?

అక్కడ మాజీ సైనికుల పరిహారం చూసేది వెటరన్స్ అఫైర్స్ శాఖ. షార్ట్‌గా వీఏ. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకి శాతాల్లో రేటింగ్ ఇస్తుంది. నెలనెలా వచ్చే డబ్బు దాన్నిబట్టే. ఎగ్జిమా, సొరియాసిస్ లాంటివాటికి మెట్లు నాలుగే: 0, 10, 30, 60.

కోడ్ రాసేవాళ్లకి ఇది ఇఫ్-ఎల్స్ లాగే కనిపిస్తుంది. మచ్చలు కనీసం 5 శాతం ఉంటే 10 రేటింగ్. 20 నుంచి 40 శాతం దాకా ఉంటే 30. 40 దాటితే 60. ఈ లెక్క మొత్తం ఒంటి మీదైనా వేయొచ్చు, బట్టలు కప్పని భాగాల మీదైనా వేయొచ్చు. చాలామంది మిస్సయ్యేది ఇదే. ఒళ్లంతా లెక్కేస్తే చేతులెంత? అదే ముఖం, మెడ, చేతుల వరకే లెక్కేస్తే శాతం అమాంతం పెరుగుతుంది.

రెండో దారి మందులు. గత ఏడాదిలో మాత్రలో, ఇంజెక్షన్లో ఆరు వారాలు, ఆపైన వాడితే 30. దాదాపు ఏడాదంతా వాడాల్సి వస్తే 60. ఒంటికి రాసుకునే క్రీములు ఈ లెక్కలోకి రావు. 2018 ఆగస్టులో మారిన రూల్స్ ఆ సంగతి తేల్చేశాయి.

60 దగ్గర ఆగిపోతే?

పని చేయలేని స్థితిలో ఉన్నవాళ్ల కోసం ‘టీడీఐయూ’ అనే ఏర్పాటుంది. ఒకే జబ్బుకి 60 ఉన్నా, అన్నీ కలిపి 70 ఉండి అందులో ఒకటి కనీసం 40 అయినా దీనికి అర్హత ఉంటుంది. క్లెయిమ్ ఒప్పుకుంటే రేటింగ్ మారదు, డబ్బు మాత్రం 100 శాతం వాళ్లతో సమానంగా వస్తుంది. వయసు చూడరు. చదువు, చేసిన పనులు, ఎందుకు మానేశారన్నది చూస్తారు.

అసలు చిక్కు ఇంకోటుంది. చర్మం ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. పరీక్ష రోజున చేతులు శుభ్రంగా కనిపిస్తే? వచ్చిపోయే చర్మవ్యాధిని అది ముదిరి ఉన్నప్పుడే పరీక్షించాలని అక్కడి వెటరన్స్ కోర్టు 1994లోనే చెప్పింది. అన్నిసార్లూ అపాయింట్‌మెంట్ అలా కుదరదు కదా! అందుకే ఎక్కువైన రోజు ఫోన్‌లో తీసిన ఫొటో, దానిమీద తేదీ, మందుల షాపు రికార్డులు, పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం.. ఇవన్నీ సాక్ష్యాలే.

చర్మం ఎంత పాడైందో డాక్టరు కొలుస్తారు. దానివల్ల ఎన్ని డ్యూటీలు పోయాయో మాత్రం ఆయనే చూపించుకోవాలి.