లెన్సుకు సైకిల్ ట్యూబు తొడుగు

పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవం ఫోటోలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బహుమతుల ఫోటోల్లో వెనకాల కట్టిన ఫ్లెక్సీ మీది అక్షరాలు ఒత్తులతో సహా చదువుకోవచ్చు. ముందు నిలబడ్డవాళ్ల ముఖాలు మాత్రం మంచులో ఉన్నట్టు మసకగా ఉంటాయి. మా రూమ్మేటు వాళ్లమ్మ ఆ రోజు ఒక రోజు కూలి వదులుకొని, దేవరకొండ దగ్గరి ఊరి నుంచి బస్సులో వచ్చి ఎల్.బి.నగర్‌లో దిగింది. కొడుకుతో కలిసి స్టేజీ ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఆ ఫోటో కూడా అలాగే వచ్చింది. తీసింది మేమే. వాడు ఏమీ అనలేదు. ప్రింటు అడిగి తీసుకొని ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. ఆ తర్వాతే ఫోకస్ సంగతేమిటో తేల్చుకుందామని మేం నలుగురం కూర్చున్నాం. నేర్చుకున్నదీ, చెడగొట్టుకున్నదీ రెండూ రాస్తున్నాం.

ఆ రోజు వాడింది అద్దె కెమెరా. అదే ఫోకస్ చూసుకుంటుందని నమ్మి బటన్ నొక్కుతూ పోయాం. మనుషుల ముఖాలు నీడలో ఉన్నాయి. వెనక తెల్ల ఫ్లెక్సీ మీద ఎర్రటి అక్షరాలున్నాయి. నలుపు తెలుపుల తేడా కొట్టొచ్చినట్టు ఉన్నచోట ఆటోఫోకస్ తొందరగా నిలుస్తుంది. మనకు కావలసింది అమ్మ ముఖమని దానికెలా తెలుస్తుంది?

ఈ ఏడాది కొత్తపేట ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లకు లైట్లు పట్టే మా సీనియర్ అన్న ఒకరు పాత డీఎస్ఎల్ఆర్, 50 మిల్లీమీటర్ల లెన్సు ఇచ్చారు. లెన్సులో ఫోకస్ మోటారు పోయింది. పోయింది కాబట్టే మా దాకా వచ్చింది. బాగుచేయించాలంటే మా నలుగురి కాస్మెటిక్ చార్జీలు కలిపినా చాలవు. ఇక చేత్తో తిప్పుకోవడమే.

చేత్తో తిప్పడం కొత్త విద్యేమీ కాదు. 1985లో మినోల్టా 7000 వచ్చి దారి మార్చేదాకా ఎస్ఎల్ఆర్ కెమెరాలతో ఫోటోలు తీసినవాళ్లు దాదాపు అందరూ చేత్తో తిప్పినవాళ్లే. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000 లాంటి కెమెరాల లెన్సులకు వెడల్పాటి రింగు, దాని మీద అడుగుల్లో, మీటర్లలో అంకెలు ఉండేవి. తర్వాత తిప్పే పని మోటారుకు అప్పజెప్పారు. మోటారు త్వరగా పని ముగించాలంటే రింగు తక్కువ తిరగాలి. అందుకే చవక ఆటోఫోకస్ లెన్సుల్లో రింగు సన్నబడింది, అంకెలు పోయాయి. మాది మొత్తం పావు చుట్టే తిరుగుతుంది.

పావు చుట్టయితే నష్టమేమిటని మేమూ అనుకున్నాం. ఇంటర్ ఫిజిక్స్ లెన్సు సూత్రం తీసి లెక్కేశాం. ఎక్కడో దూరాన ఉన్న కొండ స్పష్టంగా కనిపించాలంటే ఈ లెన్సు సెన్సర్‌కు 50 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 3 మీటర్లలో ఉన్న మనిషికి 50.85, 2 మీటర్లలో ఉన్న మనిషికి 51.28 కావాలి. అంటే మనిషి ఒక మీటరు ముందుకొస్తే లెన్సు జరగాల్సింది అర మిల్లీమీటరు కూడా లేదు. మా లెన్సులో అది ఐదారు డిగ్రీల తిప్పు. రింగు అంచు మీద మూడు మిల్లీమీటర్లు. చెమట పట్టిన వేళ్లతో ఆ మూడు మిల్లీమీటర్లలో సరైన చోట ఆపడం ఎంత కష్టమో చేస్తేగాని తెలియదు.

మొదట పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగి తెచ్చి, రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి రింగుకు తొడిగాం. జారడం ఆగింది. తర్వాత మీట పెట్టాలనుకున్నాం. రింగు మధ్య నుంచి అంచుకు 3 సెంటీమీటర్లు. మీట చివర 9 సెంటీమీటర్లకు వస్తే అదే తిప్పుకు వేలు మూడింతల దూరం, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. బావి గిలకకు పొడుగు పిడి పెట్టినట్టే.

ఇక్కడే రెండు తప్పులు చేశాం. హార్డ్‌వేర్ షాపులో పైపులకు బిగించే ఇనుప క్లిప్పు తెచ్చి గట్టిగా బిగించాం. ప్లాస్టిక్ రింగు నొక్కుకుపోయి తిరగడం మానేసింది. వదులు చేస్తే మళ్లీ తిరిగింది, మా అదృష్టం. రెండోది ఇంకా పెద్ద తప్పు. క్షణంలో అతుక్కునే గమ్ముతో మీట అంటించబోయాం. ఆ గమ్ము ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. లెన్సు ముందున్న ఫిల్టరు మీద పడింది కాబట్టి ఫిల్టరుతో పోయింది. లెన్సు దరిదాపులకు ఆ గమ్ము తేవద్దు.

చివరికి నిలిచింది పాత టూత్‌బ్రష్ పిడి. ట్యూబు మీద పెట్టి వైర్లు కట్టే రెండు ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాం. కాస్మెటిక్ చార్జీలు ఫోటోగ్రఫీకి కూడా ఉపయోగపడ్డాయని వార్డెన్ సార్‌కు చెప్పుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. మోటారు బాగున్న లెన్సుకు ఇలా చేస్తే ముందు స్విచ్ మాన్యువల్‌లో పెట్టండి. కొన్ని లెన్సుల్లో ఆటోఫోకస్ జరిగేటప్పుడు రింగు కూడా తిరుగుతుంది. మీట ఎక్కడైనా తగిలితే మోటారు పళ్లు అరుగుతాయి.

ఇక పోయిన అంకెలు. రింగు చుట్టూ తెల్ల పేపరు టేపు అంటించాం. కెమెరా పైన సున్నాకు అడ్డగీత కొట్టినట్టు చిన్న గుర్తుంటుంది, సెన్సర్ ఉండేది అక్కడే. అక్కడి నుంచి దర్జీ టేపుతో 1, 1.5, 2, 3, 4, 6 మీటర్లు కొలిచి, ఒక్కోచోట దినపత్రిక పట్టుకొని నిలబడ్డాం. కెమెరా తెర మీద బొమ్మను పది రెట్లు పెద్దది చేసి, అక్షరం పదునుగా కనబడ్డ చోట పెన్నుతో గీత గీశాం. సినిమావాళ్లు చేసేదీ ఇదే. ఎల్.బి.నగర్ మీదుగా రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లే యూనిట్ వ్యాన్లు మనం చూస్తూనే ఉంటాం. ఆ యూనిట్లలో ఫోకస్ పుల్లర్ అని ఒకరుంటారు. దూరం కొలిచి లెన్సు మీద గుర్తు, నటులు నిలబడే చోట నేల మీద గుర్తు పెట్టుకోవడం వాళ్ల పని.

సాధనకు మెట్రో పిల్లర్లు దొరికాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడిచినప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో అడ్రసులన్నీ పిల్లర్ నంబర్లతోనే చెబుతున్నారు కదా. ఆ నంబర్ల మీద ఫోకస్ పట్టడం, పక్కన నడిచేవాళ్ల మీదికి మార్చడం, ఇలా నెల రోజులు చేశాం. మొదటి ఆదివారం పదికి రెండు కుదిరాయి. ఇప్పుడు ఏడెనిమిది కుదురుతున్నాయి. లెన్సును పూర్తిగా తెరవకుండా కొంచెం మూస్తే ఇంకా నయం. ఎఫ్ 1.8 దగ్గర 2 మీటర్లలో ఉన్న ముఖానికి స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. ముక్కు వస్తే చెవి రాదు. 4 మీటర్ల దూరంలో ఎఫ్ 4 పెడితే దాదాపు మీటరు దొరుకుతుంది. తల్లీ కొడుకూ కొంచెం ముందూవెనకా నిలబడ్డా సరిపోతుంది.

ఈసారి కూడా అమ్మ వస్తానంది. స్టేజీ ముందు స్టూలు వేసి, అక్కడి నుంచి సరిగ్గా 4 మీటర్లకు స్టేజీ మీద సుద్దతో గీత గీస్తాం. బహుమతి తీసుకునేవాళ్లు ఆ గీత మీద నిలబడండి. కుర్చీలు సర్దే తమ్ముళ్లు దాన్ని తుడిచేయకండి.