మద్రాసును వణికించిన ‘ఎమ్డెన్’

1914 సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనా మద్రాసు రేవులో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి సముద్రం మీది నుంచి గుండ్ల వాన! జర్మనీ తేలికపాటి క్రూజర్ ‘ఎమ్డెన్’ సుమారు 130 గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి. కనీసం ఐదుగురు చనిపోయారు. అరగంటలో నౌక చీకట్లో కలిసిపోయింది.

ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉన్న రోజులవి. ఆ జిల్లా వాళ్లకు రాజధాని మద్రాసే, హైకోర్టూ అక్కడే. ఆ కోర్టు ప్రహరీకీ ఓ గుండు తగిలింది. ఆ చోట గుర్తుగా శిలాఫలకం పెట్టారు. మర్నాటి నుంచి వేలాదిమంది నగరం వదిలి పారిపోయారు. కెప్టెన్ ముల్లర్‌కు కావలసిందీ అదే. ఆయన గురిపెట్టింది నూనె ట్యాంకుల మీదే కాదు, తెల్లదొరల పరువు మీద కూడా!

మూడు పొగగొట్టాల నౌకకు నాలుగోది ఉత్తుత్తిగా తగిలించి బ్రిటిష్ నౌకలా నమ్మించడం ముల్లర్ ఎత్తు. దాంతోనే అక్టోబరు 28న పెనాంగ్ రేవులో చొరబడి రష్యా క్రూజర్‌ను ముంచేశాడు. ఆ ఆట ఎన్నాళ్లో సాగలేదు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’ చేతిలో ఎమ్డెన్ కథ ముగిసింది. జర్మన్ నావికులు 130 మందికి పైగా బలయ్యారు.

పేరు మాత్రం మిగిలింది. తమిళంలో గడుసుపిండాన్ని ‘ఎమ్డెన్’ అనడం అలా వచ్చిందే!