‘మనవాడు’ అను తూనిక

షోళింగనల్లూరు కూడలియొద్ద సాయంకాలము ఆరుగంటలు దాటిన పిమ్మట నిలిచి వినువారికి తెలుగుమాట వినబడక మానదు. పాత మహాబలిపురపు బాటకు ఇరుప్రక్కల లేచిన గాజుమేడలనుండి దిగివచ్చు యువకులలో గుంటూరు, నెల్లూరు, కడప, ఓరుగల్లు జిల్లాలవారు పెక్కురు. ఫలాహారశాలలలో వారు ముచ్చటించుకొను విషయములు సామాన్యముగా మూడు: ఇంటి అద్దె, పండుగకు స్వగ్రామము పోవు రైలులో చోటు, అమెరికా. 2024 జనవరిలో ఈ మూడవది తక్కిన రెండింటిని మింగివేసినది. ఆ నెల 15వ తేదీన అయోవా రాష్ట్రమునందలి రిపబ్లికన్ పక్షమువారు తమ అధ్యక్షాభ్యర్థిని గూర్చి తొలి తీర్పు చెప్పనుండిరి. ఆ బల్లలచుట్టు కూర్చున్నవారిలో ఒక్కరికిని అచ్చట ఓటు లేదు. అయినను అభ్యర్థులను తూచుటయందు వారు చూపిన శ్రద్ధ, తాము నివసించు షోళింగనల్లూరు శాసనసభా నియోజకవర్గపు అభ్యర్థుల విషయమున చూపగా మేమెన్నడును చూడలేదు. 2021 నాటికి ఓటర్ల సంఖ్యలో తమిళనాడంతటికిని అదియే పెద్ద నియోజకవర్గమని వారిలో ఎందరెరుగుదురో!

ఇది నిందింపదగిన విషయమని మేమనము. ఒకరి తమ్ముడు డల్లాసులోనున్నాడు. మరియొకరి పెండ్లి వీసాకొరకు నిలిచియున్నది. ఆ దేశమువారు వార్షిక పరిమితిక్రింద ఏటేట కొత్తగా అనుగ్రహించు హెచ్-1బి వీసాలు ఎనుబదియైదు వేలు మాత్రమే. ఆ తరగతిక్రింద మంజూరగు అనుమతులలో నూటికి డెబ్బదికి పైగా భారతీయులవే. ఓటు లేకున్నను లాభనష్టములు గలవానికి అభ్యర్థిని తూచు హక్కు గలదు. మా ఆక్షేపణ తూచుటను గూర్చి కాదు, వారు వాడిన తూనికరాతిని గూర్చి.

ఆ రాయి యెట్టిదనగా: “వివేక్ రామస్వామి మన దక్షిణాది బిడ్డ, తల్లిదండ్రులు పాలక్కాటినుండి పోయినవారు. నిక్కీ హేలీ పంజాబీ ఇంటి ఆడపడుచు. ఈ యిద్దరిలో ఎవరు వచ్చినను మనకు మేలు.” తర్కము అంతటితో సరి. ఈ రామస్వామియే 2023 సెప్టెంబరులో, అప్పుడున్న హెచ్-1బి చీట్ల పద్ధతిని రద్దుపరచి యోగ్యతను బట్టి వీసాలిచ్చు పద్ధతి తెత్తునని చెప్పెను. ఆయన స్థాపించిన కంపెనీయే ఆ వీసాలతో ఉద్యోగులను తెచ్చుకొన్నదని పత్రికలు అప్పుడే బయటపెట్టెను. ఆ మాట బల్లమీదికి రాలేదు. వచ్చినను, అది ఓట్లకొరకు చెప్పినదే గాని చేయునది కాదని ఒక యువకుడు తేల్చివేసెను. మనవాడు కానివాడు అదే మాట అన్నచో దానిని బెదిరింపనియు, మనవాడన్నచో వట్టి మాటయనియు భావించుట మనుష్య స్వభావము కాబోలు.

పక్షములకును పక్షములకును నడుమ జరుగు ఎన్నికలో ఓటరు పని కొంత సులభము. సిద్ధాంతములే వారిని విడదీయును. ఒకే పక్షములో జరుగు ఎన్నికయందు అందరును ఒకే ప్రమాణము చేయుదురు. సంప్రదాయమును నిలుపుదునని ప్రతివాడును అనును. ఏ సంప్రదాయమును, ఎవరి ఖర్చుతో నిలుపును అనునది అడిగినగాని తెలియదు. 2024లో హేలీ నిలుపదలచినది అమెరికాకు విదేశములందున్న పాత మైత్రులను. ఉక్రెయినుకు సహాయము సాగవలెనని ఆమె వాదించెను. డిసాంటిస్ పాఠశాలలను, సంఘ నీతిని గూర్చి రాష్ట్రాధికారమును గట్టిగా ప్రయోగించు సంప్రదాయవాది. రామస్వామి కేంద్రప్రభుత్వోద్యోగులలో ముప్పాతిక మందిని తొలగింతుననెను. ట్రంపు సరిహద్దును, సుంకములను పట్టుకొనెను. నలుగురును ఒక్క పక్షపు జెండాక్రిందనే నిలిచిరి. అయోవాలో ట్రంపునకు నూటికి ఏబదియొకటి వచ్చినవి. డిసాంటిసునకు ఇరువదియొకటి, హేలీకి పందొమ్మిది, రామస్వామికి ఎనిమిదికి లోపు. రామస్వామి ఆ రాత్రియే తప్పుకొని ట్రంపును బలపరచెను. పక్షములోని కరడుగట్టిన సంప్రదాయవాదియే మేలని ఎన్నుకొని దేశమునందు దెబ్బతినుటయు వారికి క్రొత్త కాదు. 1964లో రాక్‌ఫెల్లరును కాదని గోల్డువాటరును నిలిపి, ఏబది రాష్ట్రములలో ఆరింటినే గెలిచిరి.

అయినను అమెరికా విషయము అటుండనిండు. ఈ చెన్నపట్టణములోని తెలుగు విద్యాధికులకు ఇదే పరీక్ష ఒకప్పుడు మన గడపలోనే ఎదురైనది. దానిని చెప్పుటకే ఇంత దూరము వచ్చితిమి.

1948. గాంధీమహాత్ముడు జనవరిలో గతించెను. ఆయన లేని కాంగ్రెసు మొదటిసారి అధ్యక్షుని ఎన్నుకొనవలసి వచ్చినది. జయపుర మహాసభకు అధ్యక్షత వహించుటకు ఇరువురు నిలిచిరి: డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, పురుషోత్తమదాసు టాండన్‌గారు. ఇరువురును గాంధీ యుగపు పెద్దలు. ఇరువురును కాంగ్రెసులోని అతివాదులకు దూరస్థులు. వ్యక్తిగత జీవితమున ఇరువురును నిరాడంబరులు. పట్టాభిగారిది గుండుగొలను, వైద్యవిద్య చదివినది ఈ పట్టణముననే, వైద్యము చేసినది బందరున. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవమునకు ఆ సంస్థ చరిత్రను ఇంగ్లీషున రచించిరి. ఆంధ్ర రాష్ట్రోద్యమమునకు తొలినాటి ప్రముఖులలో ఒకరు. టాండన్‌గారిది అలహాబాదు; న్యాయవాది; సంయుక్తరాష్ట్ర శాసనసభకు అధ్యక్షులు; నాగరి లిపిలోని హిందీకొరకు ప్రాణమిచ్చు మనిషి. 1947 జూనులో దేశ విభజనకు కాంగ్రెసు మహాసమితి తలయొగ్గినప్పుడు ఒప్పుకొనని కొలదిమందిలో ఆయన యొకరు.

తొమ్మిదేండ్లకు ముందు, 1939లో, పట్టాభిగారు ఇదే పదవికి సుభాస్ బాబుతో పోటీచేసి ఓడిరి. సుభాసునకు 1580, ఈయనకు 1377. అబుల్ కలాం ఆజాద్ తప్పుకొనగా గాంధీగారి పక్షమున నిలిచిన అభ్యర్థి ఈయన. ఆ ఓటమి పట్టాభిదికన్న తనదే యెక్కువయని గాంధీగారే ప్రకటించిరి. అంతమాట పడిన మనిషి తిరిగి నిలిచినప్పుడు ఆంధ్రులకు పౌరుషము కలుగుట వింతకాదు. 1948లో నెహ్రూ బలపరచెను. నూరు పైచిలుకు ఓట్ల తేడాతో పట్టాభిగారు గెలిచిరి. హైకోర్టు వరండాలలోను, తంబుచెట్టి వీధిలోను ఆనాడు కలిగిన సంతోషమును మా పెద్దలు చెప్పగా మేము బాల్యమున వింటిమి. ఆంధ్రుడు కాంగ్రెసు అధ్యక్షుడైనాడు. ఇక ఆంధ్ర రాష్ట్రమునకును, చెన్నపట్టణమునకును అడ్డేమి? “మదరాసు మనదే” అను కేక అప్పటికే వీధిలోనున్నది.

డిసెంబరులో థారు సంఘము నివేదిక వెలువడినది. భాషారాష్ట్రములు కూడదని దాని తీర్పు. ఆంధ్రులు అలజడి చెందిరి. జయపురమున కాంగ్రెసు మరియొక సంఘమును వేసెను: జవాహర్‌లాలు, వల్లభభాయి, పట్టాభి. మువ్వురి పేర్ల తొలి అక్షరములతో ఆ నివేదిక లోకమున ప్రసిద్ధమైనది. అది 1949 ఏప్రిలులో వచ్చినది. భాషారాష్ట్రములను సాధారణముగా వాయిదావేయవలెననియు, ఆంధ్ర విషయమున మాత్రము ఆలోచింపవచ్చుననియు, అయితే ఆంధ్రులు చెన్నపట్టణముపై తమ హక్కును వదలుకొనవలెననియు దాని సారము. దానిక్రింద మనవాని సంతకము గలదు.

అదే ఏడు రాష్ట్ర విభజన సంఘమునందు ప్రకాశం పంతులుగారు చెన్నపట్టణపు విషయమున అసమ్మతి వ్రాసిరి. పని అచ్చటనే నిలిచిపోయినది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఈ నగరముననే, మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రము వచ్చినది, రాజధాని కర్నూలు. మరుసటి యేడు హైకోర్టు గుంటూరునకు పోగా, మా వృత్తిలోని తెలుగువారిలో కొందరు పెట్టెలు సర్దుకొనిరి, కొందరు ఇచ్చటనే యుండిపోయిరి. మా తాతగారు ఉండిపోయినవారిలోనివారు. షోళింగనల్లూరు వెనుకనుండి పారు బకింగుహాము కాలువ పైకి పోయినచో కాకినాడవరకు గల జలమార్గములో ఒక భాగము. ఆ నీటిపై ఒకప్పుడు తెలుగునాటి ధాన్యపు పడవలు దిగివచ్చెడివి. సరిహద్దు మాత్రము దానిని అడ్డముగా కోసినది.

ఇది ద్రోహమని పలికినవారు ఆనాడు కలరు, నేటికిని కలరు. మేమట్లు తలపము. పట్టాభిగారు తమ శీలమునకు విరుద్ధముగా ఏమియు చేయలేదు. 1939లో గాంధీగారి మాటపై నిలిచినవాడు, కాంగ్రెసు చరిత్రను తన చేతితో వ్రాసినవాడు, కార్యవర్గపు ఐకమత్యమును దేనికైనను మించినదిగా నెంచినవాడు, అధ్యక్షపీఠమునుండి ఆ యిద్దరితో వేరుపడి అసమ్మతిపత్రము వ్రాయునని ఎదురుచూచుట మన తప్పు. ఆయన సంప్రదాయపరుడే, కాని ఆయన కాపాడదలచిన సంప్రదాయము కాంగ్రెసు సంస్థ. ఆంధ్రోద్యమము ఆయన హృదయమున లేకపోలేదు. రెండవ గదిలో నుండెను. ఆ మాట 1948లోనే ఆయన జీవితమును చదివినవారికి తెలియదగినది. ఎవరును చదువలేదు. ఇంటిపేరు చదివి తృప్తిపడిరి.

మా వృత్తిలో ఒకసారి చూచిన సంగతి యొకటి చెప్పుదుము. భూమి తగాదాలో ఒక కక్షిదారు, మధ్యవర్తిగా తన ఊరివానినే నియమింపవలెనని పట్టుబట్టెను. మేము వద్దంటిమి. మనవాడే గదా యని వినలేదు. ఆ మధ్యవర్తి, ఊరివానికి పక్షపాతము చూపినాడన్న అపకీర్తి తన కంటగూడదని, సందేహమున్న ప్రతి అంశమును ఎదుటివానికే విడిచెను. మా కక్షిదారు నాటినుండి మాతోనే మాటలాడుట మానెను. ఆ మధ్యవర్తితో మాత్రము నేటికిని చుట్టరికము సాగుచున్నది.

ఇంతకును 1948 ఎన్నిక తప్పా? ఇచ్చట మా మనసు ఒక ప్రక్కకు తేలిక వ్రాలదు. రెండేండ్ల తరువాత, 1950లో, టాండన్‌గారు తిరిగి నిలిచి 1306 ఓట్లతో కృపలానీని, శంకరరావు దేవును ఓడించిరి. నెహ్రూ ఈ ఎన్నికను సహింపలేదు. ఆ డిసెంబరులో పటేలు గతించుటతో నడుమ నిలుపువాడు లేకపోయెను. 1951 ఆగస్టులో నెహ్రూ కార్యవర్గమునకు రాజీనామా ఇచ్చెను, సెప్టెంబరులో టాండన్‌గారే దిగిపోయిరి, నెహ్రూ అధ్యక్షుడయ్యెను. ప్రధానికిని పక్షాధ్యక్షునికిని నడుమ వచ్చిన ఈ కలహము 1948లోనే, రాజ్యాంగము ఇంకను వ్రాయబడుచున్న దినములలో వచ్చియున్నచో దేశమున కెంత చేటగునో ఊహింపవచ్చును. శరణార్థుల శిబిరములు నిండియుండెను. హైదరాబాదు చర్య ముగిసి నెలలు కాలేదు. కనుక పట్టాభిగారిని గెలిపించుట దేశమునకు మేలేయని మా తలంపు. చెన్నపట్టణపు తెలుగువానికి మాత్రము ఆ మేలు ఖరీదైనది. ఆ ఖరీదు తానిచ్చుచున్నానని అతడు గెలుపునాడు ఎరుగడు. ఎరిగి ఓటును కోరియుండినచో, గెలువకముందే అభ్యర్థిని బందరులోనో, ఢిల్లీలోనో నిలువరించి, చెన్నపట్టణమును గూర్చి ఒక్క ప్రశ్న అడిగియుండవలసినది. ప్రతినిధుల ఓట్లు రెండువేలకు పైచిలుకు. తేడా నూరు చిల్లర. అట్టి ఎన్నికలో ఒక రాష్ట్రపు ప్రతినిధుల కుండు బేరపు బలము చిన్నది కాదు. గెలిచినతరువాత ఆ బలము మిగులదు.

అమెరికాలో 2024 మార్చి 6న హేలీ కూడ తప్పుకొనెను. నవంబరులో ట్రంపు గెలిచెను. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ఆయన ప్రకటన వెలువడినది. ఆ వారము షోళింగనల్లూరు ఫలాహారశాలలలో సందడి లేదు. అందరును టెలిఫోనులు చెవినిపెట్టుకొని అన్నదమ్ములతో మాటలాడుచు బయట నిలుచుండిరి. సెలవుపై ఇచ్చటికి వచ్చియున్న ఒక యువకుడు, రుసుము పాత వీసాదారులకు వర్తింపదని తేలువరకు, రాత్రికి రాత్రి విమానమున కెక్కుటకు రెట్టింపు ధర పెట్టెనని వింటిమి.

మొన్న ఆ బల్లయొద్దనే ఒక గుంటూరు చిన్నవాడు 2028 మాట ఎత్తెను. ఉపాధ్యక్షుడు వాన్సు నిలుచునని వారి ఊహ. ఆయన భార్య ఉషగారు చిలుకూరివారి ఆడపడుచు గనుక, “మన అల్లుడే గదా బాబాయిగారూ, ఈసారి మనకేమి భయము?” అని మమ్మడిగెను. అల్లుడు ఆ లక్ష డాలర్ల రుసుమును గూర్చి ఏమన్నాడో కనుగొని, వచ్చి చెప్పుమంటిమి. కనుగొందునని టెలిఫోను తీసెను. కాఫీ చల్లారినది, అతడింకను చదువుచునే యున్నాడు.