మట్టిదారిలో... చల్లచల్లగా!

బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్తుంటే ప్రతి కుదుపుకీ పిల్లల కేరింతలే. సొంతానికి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉంటే అలాంటి దారులే వెతుక్కోవాలనిపిస్తుంది. సెలవులేమో వేసవిలోనాయె! అయితే ఒక్క ఏసీనే నమ్ముకుని బయల్దేరితే ఇబ్బందే.

ఎందుకంటే... రాళ్లదారిలో బండి నత్తనడక నడుస్తుంది. రేడియేటర్‌కీ, ఏసీ కండెన్సర్‌కీ ఎదురుగాలి తగలదు. ఇంజిన్ వేడెక్కుతుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది. వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేసి, బండిని నీడన ఆపాలి. వేడిమీద రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి.

అందుకే తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదిరేలోగా చెట్టునీడకు చేరుకోవాలి. తాగేనీళ్లు అవసరానికి మించే ఉండాలి. పిల్లలు దాహమని అడిగేదాకా ఆగకుండా మజ్జిగో, ఓఆర్‌ఎస్సో తాగిస్తుండాలి. లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపినా సరే. మెడమీద తడితువ్వాలు వేస్తే ఆ తడి ఆరుతూ ఒంటివేడిని లాగేస్తుంది.

ఎండలో ఆపిన బండిలో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించినా లాభం లేదు. నిద్రపోతున్నారు కదాని పిల్లల్ని అందులో వదిలేయొద్దు.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే వడదెబ్బేనేమోనని అనుమానించాలి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. అడవిలో సిగ్నల్ అందకపోవచ్చు. దగ్గర్లోని ఆసుపత్రి ఎక్కడో ముందే కనుక్కోవాలి.

ఎండ మరీ మండిపోతుంటే వెనుదిరగడమే మేలు. కొండదారి ఎక్కడికీ పోదుగా!