వ్రేళ్లక్రింద లేచు అక్షరములు

పంపనగానే మన నల్లగొండ, పాలమూరు మెట్టలవారికి బోరుబావి స్ఫురించును. 2023లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున క్రేగ్ షుల్ట్జ్, క్రిస్ హారిసన్ ప్రకటించిన పంపు మందము 1.5 మిల్లీమీటర్లే. అందు తిరుగు చక్రము లేదు. విద్యుత్తు సోకగానే సన్నని రంధ్రములలోని ద్రవము కదలి, పైపొరను పొంగించును. ఒక్క సెకనులో నున్నని పలకపై బొడిపె లేచును. విద్యుత్తును మరలించిన అణగును.

అంధబాలికలకు ఫోను చదివి వినిపించుచున్నదిగదా యందురు. నిజమే, కాని శకార షకారముల భేదమును చెవి పట్టునా? వర్ణక్రమము వ్రేలికే తెలియవలెను. 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలులో ఆ రెంటికిని వేర్వేరు చుక్కలు కలవు. అయితే కాగితముపై ఆ పుస్తకములు మిక్కిలి లావు. భారతమైనచో బీరువా నిండును. చుక్కంత పంపులు ఒదిగినచో ఒక్క పలకపైననే పర్వము వెంట పర్వము లేచి అణగును. వెల మాత్రము బడిపంతులు జీతమునకు అందవలెను.