ఒక్క మెతుకు చాలునా?

బాలలారా! అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి అమ్మ ఏం చేస్తుంది? గిన్నెలో అన్నమంతా పిసికి చూడదు గదా! ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. ప్రభుత్వంవారు దేశాన్ని గురించి తీసే లెక్కలలో చాలా భాగం ఇలాంటివే. కాని ఇందులో ఒక చిక్కున్నది. అది నాకెలా తెలిసివచ్చిందో వినండి.

నేను పటాన్‌చెరు దగ్గర ఒక బడిలో హెడ్మాస్టరుగా ఉండేవాణ్ణి. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు ఎందరో తెలుసుకోవాలని, ఒకనాడు ప్రార్థనవేళ ముందు వరసలోని వాళ్ళను అడిగాను. అందరూ తిన్నామన్నారు. నేను సంతోషించాను.

మా లెక్కల మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "ముందు వరసలో ఉన్నది పెందలాడే వచ్చినవాళ్ళు గదండీ! హాజరుపట్టీలోని పేర్లన్నీ చీటీలమీద రాసి, బాగా కలిపి, కొన్ని తీయించండి," అన్నారు.

అలాగే చేశాము. ఈసారి ఫ్యాక్టరీ కూలీల పిల్లల పేర్లు కూడా వచ్చాయి. అమ్మానాన్నలు చీకటితోనే మొదటి షిఫ్టుకు వెళ్ళిపోతే, వాళ్ళలో కొందరు ఖాళీ కడుపుతో పరుగెత్తుకొచ్చి చివరి వరసలో నిలబడుతున్నారు!

చూశారా? గిన్నెలో అన్నమంతా ఇంచుమించు ఒకేలా ఉడుకుతుంది. ఊరు అలా కాదు. అందుకే మన చేతికి అందినవారిని కాక, చీటీలో ఎవరు వస్తే వారిని అడగాలి. దీన్ని 'యాదృచ్ఛిక నమూనా' అంటారు.

మన దేశంలో ఈ విద్యను పెంచిన మహనీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన తెలుగువారు సి.ఆర్. రావుగారు 1941లో అక్కడ చేరి, ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. 1950లో 'జాతీయ నమూనా సర్వే' మొదలయింది.

పంట దిగుబడిని కూడా ఇలాగే కడతారు. చీటీ వేసినట్లే అంకెలతో చేనును ఎంచుతారు. చేనులో ఎక్కడ కోయాలో కూడా అంకెలే చెబుతాయి. వరికైతే సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మేర కోసి, నూర్చి, తూకం వేస్తారు. మరీ చిన్న మడిలో కోస్తే దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుందని 1940లలో పాండురంగ సుఖాత్మే చూపించారు. ఎందుకని? గీతమీద ఉన్న మొక్కను లోపలిదిగానే లెక్కవేయాలని కోసేవారికి అనిపిస్తుంది మరి!

ఫ్యాక్టరీల లెక్కకు ఇంకొక ఉపాయమున్నది. ఒక పెద్ద ఫ్యాక్టరీ తప్పిపోతే మొత్తం లెక్కే తారుమారవుతుంది. కనుక పరిశ్రమల వార్షిక సర్వేలో పెద్దవాటినన్నిటినీ అడుగుతారు. చిన్నవాటిలో నమూనాగా కొన్నిటిని ఎంచుతారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలైనా అంతే.

అన్నట్లు, మా బడి సంగతి చెప్పలేదు గదూ! ఆ చీటీలు చూశాక ఊరివారిని కలుపుకొని, రోజూ పొద్దున బడిలో అటుకుల ఉప్మా పెట్టించాము.

ఎప్పుడైనా సర్వే చేసేవారు మీ తలుపు తడితే, అమ్మానాన్నలతో చెప్పండి: మన ఇల్లు ఎన్నో ఇళ్ళ తరఫున జవాబు చెబుతున్నది. ఉన్నది ఉన్నట్లు చెబితేనే చివరి వరసలో ఉన్నవారు లెక్కలోకి వస్తారు.